తొలి ఫుడ్ స్టాంపు అందుకున్న కౌంటీ ట్రంప్ వైపు ఎందుకు మళ్లింది? మెక్‌డోవెల్ ఓటు వెనుక నూరేళ్ల కథ

1961 మే 29. అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం, కొండల మధ్య వెల్చ్ అనే చిన్న పట్టణం. పని పోయిన ఒక బొగ్గు గని కార్మికుడి కుటుంబానికి దేశ వ్యవసాయ శాఖ మంత్రి ఓర్విల్ ఫ్రీమన్ స్వయంగా వచ్చి ఫుడ్ స్టాంపులు అందించారు. అధ్యక్షుడు జాన్ కెనడీ సర్కారు షురూ చేసిన కొత్త పథకంలో అవే మొదటివి. ఇప్పుడు అమెరికాలో కోట్లాది మంది పేదలకు తిండి ఆసరాగా ఉన్న 'స్నాప్' పథకం ఆ రోజు ఆ ఊళ్లోనే పుట్టిందని చెప్పాలి.

ఆ ఊరు ఉన్నది మెక్‌డోవెల్ కౌంటీలో. కౌంటీ అంటే మన లెక్కలో ఒక చిన్న జిల్లా అనుకోవచ్చు. కెనడీ పార్టీ అయిన డెమోక్రాట్లకు ఈ కౌంటీ దశాబ్దాల పాటు కంచుకోట. 2008లో బరాక్ ఒబామాకు కూడా ఇక్కడ 53 శాతం ఓట్లు వచ్చాయి. నాలుగేళ్లు తిరిగేసరికి లెక్క తలకిందులైంది. 2012లో రిపబ్లికన్ మిట్ రోమ్నీకి 64 శాతం, 2016లో డోనాల్డ్ ట్రంప్‌కు 74 శాతం ఓట్లు పడ్డాయి. 2020లో ట్రంప్ వాటా దాదాపు 79 శాతానికి చేరింది. 2024లోనూ గాలి మారలేదు.

ఈ లెక్కలు చూసి చాలామంది ఒకే మాట అంటారు: "పేదోళ్లు తమ కడుపు కొట్టే పార్టీకే ఓటేస్తున్నారు, వాళ్లకు తెలివి లేదు." మాట తేలికే. కానీ మెక్‌డోవెల్ కథ అంత తేలిక కాదు. ఎవరు ఎవరిని వదిలేశారు, ఎప్పుడు వదిలేశారు అన్నది తెలియాలంటే నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

బొగ్గు కట్టిన కౌంటీ

1880ల చివర్లో నార్ఫోక్ అండ్ వెస్ట్రన్ రైలు మార్గం ఈ కొండల్లోకి వచ్చింది. అంతకు ముందు ఇది అడవి, అక్కడక్కడ చిన్న కమతాలు. రైలు వచ్చాక పోకహొంటస్ బొగ్గు పొరలు బయటపడ్డాయి. పొగ తక్కువ, వేడి ఎక్కువ ఉన్న బొగ్గు అది. ఓడలకు, ఉక్కు కొలుములకు దాన్ని మించింది లేదని పేరు. 1900లో 18 వేల చిల్లర ఉన్న జనాభా 1950 నాటికి 98,887కు చేరింది. ఒక దశలో దేశంలోనే ఎక్కువ బొగ్గు తవ్విన కౌంటీ ఇదే.

పనికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. ఇటలీ, హంగరీ, పోలండ్ నుంచి వలస కూలీలు దిగారు. దక్షిణాది రాష్ట్రాల పత్తి చేలు వదిలి నల్లజాతి కుటుంబాలు వేల సంఖ్యలో వచ్చాయి. ఒక జమానాలో ఈ కౌంటీలో ప్రతి నలుగురిలో ఒకరు నల్లజాతివారే. దక్షిణాదిలో వాళ్లకు ఓటు హక్కు కాగితం మీదే ఉండేది. పన్నులు, పరీక్షల పేరు చెప్పి అడ్డుకునేవారు. వెస్ట్ వర్జీనియాలో ఆ అడ్డంకులు లేవు. బడులు వేరు, బస్తీలు వేరు అయినా ఓటు మాత్రం వేయగలిగారు.

ఆ ఓటు ఎవరికి పడింది? రిపబ్లికన్లకే. ఇప్పటి పాఠకుడికి ఇది వింతగా అనిపించవచ్చు. కానీ బానిసత్వాన్ని రద్దు చేసిన అబ్రహం లింకన్‌ది రిపబ్లికన్ పార్టీ. దక్షిణాదిలో నల్లవాళ్ల ఓటును లాక్కున్నది డెమోక్రాట్లు. కాబట్టి ఇరవయ్యో శతాబ్దం మొదటి మూడు దశాబ్దాలు మెక్‌డోవెల్ రిపబ్లికన్ల అడ్డా. గని యజమానులూ, నల్లజాతి కార్మికులూ ఒకే పార్టీకి ఓటేసిన కాలమది. 1928లో ఈ కౌంటీకి చెందిన మిన్నీ బకింగ్‌హామ్ హార్పర్ రాష్ట్ర శాసనసభలో సభ్యురాలయ్యారు. భర్త చనిపోవడంతో ఖాళీ అయిన సీటులో గవర్నర్ ఆమెను నియమించారు. అమెరికాలో చట్టసభలో కూర్చున్న తొలి నల్లజాతి మహిళ ఆమే.

కంపెనీ ఊరు, కంపెనీ రాజ్యం

బయటికి కనిపించిన ఈ కళ వెనుక గని బతుకు వేరు. ఇల్లు కంపెనీది. దుకాణం కంపెనీది. చాలాచోట్ల కూలీ డబ్బుల్లో కాకుండా కంపెనీ టోకెన్లలో ఇచ్చేవారు. అవి కంపెనీ దుకాణంలోనే చెల్లేవి. యూనియన్ పేరెత్తితే పని పోయేది, పనితో పాటు ఇల్లూ పోయేది. కంపెనీలు పెట్టుకున్న ప్రైవేటు కాపలాదార్లు సామాన్లు వీధిలో పడేసేవారు.

పక్కనున్న మింగో కౌంటీలోని మేట్‌వాన్‌లో 1920 మేలో ఇలాంటి గెంటివేతల మీదే కాల్పులు జరిగాయి. కార్మికుల పక్షాన నిలబడిన పోలీసు అధికారి సిడ్ హాట్‌ఫీల్డ్ వాళ్ల కళ్లలో హీరో అయ్యారు. మరుసటి ఏడాది ఆగస్టు 1న ఒక కేసు విచారణకు వెల్చ్‌కు వచ్చిన ఆయన్ని మెక్‌డోవెల్ కోర్టు మెట్ల మీదే కాల్చి చంపారు. ఆయన దగ్గర ఆయుధం లేదు. ఆ కోపంతోనే వేలమంది కార్మికులు మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని బ్లెయిర్ కొండ వైపు కదిలారు. అమెరికా అంతర్యుద్ధం తర్వాత ఆ దేశంలో జరిగిన అతి పెద్ద సాయుధ కార్మిక తిరుగుబాటు అదే. చివరికి ఫెడరల్ సైన్యం దిగింది, తిరుగుబాటు ఆగింది. యూనియన్ మాత్రం ఇంకో పన్నెండేళ్లు కొండల్లోకి గట్టిగా అడుగు పెట్టలేకపోయింది.

రూజ్‌వెల్ట్ తెచ్చిన మలుపు

1933లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడయ్యారు. అదే ఏడాది వచ్చిన చట్టం కార్మికులకు యూనియన్ పెట్టుకునే హక్కును గుర్తించింది. నెలల వ్యవధిలోనే యునైటెడ్ మైన్ వర్కర్స్ యూనియన్ ఈ కొండల్లో పాతుకుపోయింది. కూలీ పెరిగింది, పని గంటలు తగ్గాయి, టోకెన్ల రాజ్యం సన్నగిల్లింది.

ఓటు కూడా దాని వెంటే నడిచింది. 1930ల మధ్య నాటికి మెక్‌డోవెల్ డెమోక్రాట్ల వైపు మళ్లింది. నల్లజాతి కార్మికులు కూడా లింకన్ పార్టీని వదిలి రూజ్‌వెల్ట్ పార్టీకి వచ్చారు. ఇక ఆ తర్వాత 2008 దాకా, ఒక్క 1972లో రిచర్డ్ నిక్సన్ హవా మినహా, అధ్యక్ష ఎన్నికల్లో ఈ కౌంటీ డెమోక్రాట్లదే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ ఓటు సిద్ధాంతాలు చదివి వేసిన ఓటు కాదు. యూనియన్ ఆఫీసే ఊరి రచ్చబండ. గాయపడితే పరిహారం కాగితం రాసిచ్చేది వాళ్లే, పింఛను ఇప్పించేది వాళ్లే, దవాఖానా ఖర్చు చూసేది వాళ్లే. ఎన్నికలొస్తే ఎవరికి వేయాలో చెప్పేదీ వాళ్లే. డెమోక్రాట్ పార్టీ అంటే వాషింగ్టన్‌లో ఉన్న నాయకులు కాదు, పక్కింటి యూనియన్ మనిషి.

యంత్రం వచ్చింది, మనిషి పోయాడు

బొగ్గు పతనం ఒబామాతో మొదలైందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1950లో యూనియన్ నాయకుడు జాన్ ఎల్. లూయిస్ గని యజమానులతో పెద్ద ఒప్పందం చేసుకున్నారు. జీతాలు పెరుగుతాయి, ఆరోగ్యానికి, పింఛనుకు నిధి ఉంటుంది. బదులుగా యంత్రాలను యూనియన్ అడ్డుకోదు. అంతకు ముందు పారలతో ఎత్తిన బొగ్గును యంత్రాలు గీకి, ఎత్తి, బెల్టు మీద వేయడం మొదలైంది. పది మంది పని ఇద్దరు ముగ్గురు చేయగలిగారు. రైలు ఇంజన్లు డీజిల్‌కు మారాయి, ఇళ్ల పొయ్యిలు గ్యాసుకు, నూనెకు మారాయి.

ఫలితం జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. 1950లో 98,887 మంది ఉన్న కౌంటీలో 1960 నాటికి 71,359 మంది, 1970 నాటికి 50,666 మంది మిగిలారు. అంటే ఇరవై ఏళ్లలో సగం కౌంటీ ఖాళీ. వెళ్లినవాళ్లు డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ లాంటి నగరాల ఫ్యాక్టరీలకు వెళ్లారు. మొదట పని పోయింది, మొదట మూటాముల్లె సర్దుకున్నది ఎక్కువగా నల్లజాతి కుటుంబాలే.

కెనడీ 1960 వసంతంలో ఇక్కడికి వచ్చింది సరిగ్గా ఈ పతనం మధ్యలోనే. ఆయన క్యాథలిక్. వెస్ట్ వర్జీనియా ప్రొటెస్టెంట్ల రాష్ట్రం. "ఆయన మతం వేరు, ఇక్కడ నెగ్గలేడు" అన్నారు పండితులు. మే 10న జరిగిన ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, హ్యూబర్ట్ హంఫ్రీ మీద 60 శాతానికి పైగా ఓట్లతో కెనడీ గెలిచారు. ప్రచారంలో ఆయన చూసిన దృశ్యాలు మామూలువి కావు. సర్కారు మిగులు సరుకుగా పంచే పిండి, గుడ్ల పొడి, కొవ్వు మీద బతుకుతున్న కుటుంబాలవి. గెలిచాక 1961 జనవరి 21న ఆయన సంతకం పెట్టిన మొదటి కార్యనిర్వాహక ఉత్తర్వు ఆ ఆహార పంపిణీని పెంచడం గురించే. నాలుగు నెలలకు వెల్చ్‌లో తొలి స్టాంపులు. 1964లో లిండన్ జాన్సన్ హయాంలో అది చట్టమైంది.

మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు అన్న పేరు కెనడీకి ఈ కొండల్లో తరాల పాటు నిలిచింది. అయితే స్టాంపు ఆకలిని ఆపింది కానీ నౌకరీని తిరిగి తేలేదు. ఆ తేడా తర్వాత ఓట్లలో బయటపడింది.

1986 నుంచి 2008 దాకా: లోపల గుల్ల, పైన కోట

గ్యారీ అనే ఊరు యు.ఎస్. స్టీల్ కంపెనీ కట్టింది. ఆ ఉక్కు కంపెనీ 1986లో అక్కడి గనులు మూసేసింది. కౌంటీకి అది పెద్ద దెబ్బ. 1980లో 49,899గా ఉన్న జనాభా 1990కి 35,233కు పడిపోయింది. 2001 జులైలో ఒకసారి, 2002 మేలో మరోసారి వరదలు ఇళ్లను, వంతెనలను ఊడ్చేశాయి. వాగు పక్కన ఇరుకు లోయల్లో కట్టిన ఊళ్లు కాబట్టి నీళ్లు వస్తే పోవడానికి దారి ఉండదు. కంపెనీలు వేసిన తాగునీటి పైపులు కంపెనీలు పోయాక దిక్కులేనివయ్యాయి. కొన్నిచోట్ల జనం ఇప్పటికీ రోడ్డు పక్క ఊట నీళ్లు క్యాన్లలో పట్టుకెళ్తుంటారు.

దీని వెంటే నొప్పి మాత్రలు వచ్చాయి. గనుల్లో నడుములు విరిగినవాళ్లకు డాక్టర్లు రాసిన ఓపియాయిడ్ మందులు వ్యసనంగా మారాయి. అధిక మోతాదు మరణాల్లో దేశంలోనే ముందున్న కౌంటీల్లో మెక్‌డోవెల్ ఒకటైంది. 2010 నాటి లెక్కల ప్రకారం ఇక్కడ పురుషుల సగటు ఆయుష్షు 64 ఏళ్లు కూడా లేదు.

ఇన్ని జరుగుతున్నా ఓటు కదల్లేదు. 2000లో వెస్ట్ వర్జీనియా రాష్ట్రం మొత్తంగా జార్జ్ బుష్ వైపు తిరిగింది. పర్యావరణ ఒప్పందాల పట్ల అల్ గోర్ మొగ్గు, తుపాకుల మీద ఆంక్షల భయం అందుకు కారణాలు. ఆ రాష్ట్రపు 5 ఎలక్టోరల్ ఓట్లు గోర్‌కు పడి ఉంటే ఫ్లోరిడా గొడవతో పని లేకుండానే ఆయన అధ్యక్షుడయ్యేవారు. అయినా మెక్‌డోవెల్ మాత్రం 2000లో గోర్‌కు, 2004లో జాన్ కెర్రీకి స్పష్టమైన ఆధిక్యం ఇచ్చింది.

కానీ కోట లోపల గుల్లవుతోంది. యూనియన్ గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. కొత్తగా తెరిచినవి చాలావరకు యూనియన్ లేనివి. రూజ్‌వెల్ట్‌ను చూసిన తరం శ్మశానానికి చేరింది. వాళ్ల మనవళ్లకు డెమోక్రాట్ అంటే తాత పార్టీ, అంతే.

2012లో ఏమైంది?

2008కీ 2012కీ మధ్య మూడు విషయాలు కలిశాయి.

మొదటిది గ్యాసు. రాతి పొరలను పగలగొట్టి సహజవాయువు తీసే ఫ్రాకింగ్ పద్ధతితో గ్యాసు చవకైంది. కరెంటు కంపెనీలు బొగ్గు వదిలి గ్యాసుకు మారాయి. 2005లో అమెరికా కరెంటులో దాదాపు సగం బొగ్గు నుంచి వచ్చేది. 2023కు అది ఆరో వంతుకు పడిపోయింది. బొగ్గును ఎక్కువగా దెబ్బ తీసింది మార్కెట్టే.

రెండోది నిబంధనలు. ఒబామా సర్కారు 2011 చివర్లో విద్యుత్ కేంద్రాల పాదరసం కాలుష్యంపై, తర్వాత కార్బన్‌పై కఠిన నిబంధనలు తెచ్చింది. కంపెనీలు, రిపబ్లికన్లు దీనికి "బొగ్గు మీద యుద్ధం" అని పేరు పెట్టారు. గ్యాసు ధర కనిపించదు, వాషింగ్టన్ ఉత్తర్వు కనిపిస్తుంది. మార్కెట్ చేసిన గాయానికి కూడా సర్కారే నింద మోసింది. విచిత్రం ఏంటంటే, మెక్‌డోవెల్ బొగ్గు అత్యధికం కరెంటుకు కాదు, ఉక్కు తయారీకి పనికొచ్చే కోకింగ్ బొగ్గు. దాని గిరాకీ ప్రపంచ ఉక్కు మార్కెట్‌ను బట్టి నడుస్తుంది. అమెరికా కోకింగ్ బొగ్గును కొనే పెద్ద దేశాల్లో మన దేశం కూడా ఉంది. అయినా "మన బతుకు మీద యుద్ధం" అన్న మాట ఏ గనికి ఏ నిబంధన అన్న తేడా చూడదు.

మూడోది ఒబామా మీద వ్యక్తిగత వ్యతిరేకత. అందులో జాతి పాత్ర ఎంత అన్న వాదన ఉంది. పాత్రే లేదనడం మాత్రం కష్టం. 2012 మేలో రాష్ట్ర డెమోక్రాట్ ప్రైమరీలో పదవిలో ఉన్న అధ్యక్షుడి మీద టెక్సాస్ జైల్లో ఉన్న ఒక ఖైదీ పోటీ చేస్తే, ఆ ఖైదీకి 41 శాతం ఓట్లు వచ్చాయి! ఆ నవంబరులో రోమ్నీ రాష్ట్రంలోని 55 కౌంటీలనూ గెలిచారు. అయితే ఇదే మెక్‌డోవెల్ నాలుగేళ్ల క్రితం అదే ఒబామాను గెలిపించిందన్నది కూడా మరిచిపోకూడదు. అందుకే ఒక్క జాతి కారణంతో లెక్క మొత్తం తేలదు.

ఇక్కడ ఇంకో సంగతి. 2010లో ఒబామా తెచ్చిన ఆరోగ్య చట్టంలో గని కార్మికులకు పెద్ద మేలు ఉంది. సెనేటర్ రాబర్ట్ బర్డ్ పట్టుబట్టి పెట్టించిన నిబంధన అది. పదిహేనేళ్లు గనిలో పనిచేసి ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవారికి 'బ్లాక్ లంగ్' జబ్బు గని వల్లే వచ్చిందని ముందే భావించి పరిహారం ఇవ్వాలి. వితంతువులకు పరిహారం అందడం కూడా సులువైంది. ఇంత మేలు జరిగినా ఓట్లలో కనిపించలేదు. ఎందుకంటే, ఆ మేలును ఇంటింటికీ చెప్పే యూనియన్ మనిషి అప్పటికే లేడు.

ట్రంప్ కాలం: ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు

2016 మార్చిలో ఒహాయోలో జరిగిన ఒక టీవీ సభలో హిల్లరీ క్లింటన్ స్వచ్ఛ ఇంధనం గురించి చెబుతూ, బొగ్గు కంపెనీలు, కార్మికులు పని కోల్పోతారన్న మాట అనేశారు. అదే జవాబులో ఆ కార్మికులను మరిచిపోకూడదని కూడా అన్నారు. కానీ టీవీల్లో తిరిగింది మొదటి ముక్కే. మేలో చార్ల్‌స్టన్ సభలో ట్రంప్ గని కార్మికుడి టోపీ పెట్టుకుని, పార తిప్పినట్టు చేతులు ఆడించి, మళ్లీ పనులు తెస్తానని హామీ ఇచ్చారు.

ఆ వసంతంలో మెక్‌డోవెల్ ప్రైమరీ ఫలితాలు చాలా చెబుతాయి. రిపబ్లికన్ల వైపు ట్రంప్‌కు 90 శాతం పైగా. డెమోక్రాట్ల వైపు హిల్లరీని ఓడించింది వామపక్ష వాది బెర్నీ శాండర్స్. అంటే రెండు పార్టీల్లోనూ గెలిచినవాళ్లు "పాత పెద్దలను కాదన్నవాళ్లే". అదే ఏడాది జనవరిలో కింబల్‌లోని వాల్‌మార్ట్ మూతపడింది. కౌంటీలో పెద్ద ఉపాధి ఇచ్చిన దుకాణాల్లో అదొకటి. తాజా సరుకు కోసం జనం కొండ దారుల్లో గంట ప్రయాణం చేయాల్సి వచ్చింది.

నవంబరు ఫలితంలో శాతాలే కాదు, ఓట్ల సంఖ్య చూడాలి. 2008లో ఒబామాకు ఇక్కడ సుమారు 3400 ఓట్లు. 2012లో 2100. 2016లో హిల్లరీకి 1400. రిపబ్లికన్లకు అదే వరుసలో సుమారు 2900, 3950, 4600. రిపబ్లికన్లు పెరిగింది 1700, డెమోక్రాట్లు తగ్గింది 2000. కొందరు చనిపోయారు, కొందరు ఊరు వదిలారు, కొందరు పార్టీ మారారు, చాలామంది అసలు పోలింగుకే రాలేదు. 2016లో మొత్తం పోలైంది ఆరు వేల చిల్లర ఓట్లే. సర్కారు సాయం మీద ఎక్కువగా ఆధారపడినవాళ్లే ఓటుకు దూరమయ్యే అవకాశం ఎక్కువని అమెరికా గ్రామాల గురించి చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. కాబట్టి "స్నాప్ తీసుకునేవాళ్లు స్నాప్ కోసే పార్టీకి ఓటేశారు" అనడం సగం నిజమే. ఓటేసినవాళ్లూ, సాయం తీసుకునేవాళ్లూ ప్రతిసారీ ఒకే మనుషులు కారు.

మరి పనులు వచ్చాయా? ట్రంప్ తొలి పదవీకాలం మొదట్లో కొంత కదలిక కనిపించింది. ముగిసేనాటికి దేశంలో బొగ్గు గని ఉద్యోగాలు ఆయన పదవి చేపట్టినప్పటికంటే తక్కువ. అయినా 2020లో ఆయన శాతం పెరిగింది. ఓటు అప్పటికి పనుల లెక్కను దాటి గుర్తింపుగా మారింది. మనల్ని చిన్నచూపు చూసేదెవరు, మన పేరెత్తేదెవరు అన్నదే తూకం.

రాష్ట్రంలో మిగతా మెట్లు కూడా కూలాయి. 2014లో శాసనసభ ఎనభై ఏళ్లకు పైగా గడిచాక రిపబ్లికన్ల చేతికి వచ్చింది. డెమోక్రాట్‌గా 2016లో గవర్నరైన జిమ్ జస్టిస్ 2017 ఆగస్టులో ట్రంప్ సభ వేదిక మీదే పార్టీ మారారు. చివరి పెద్ద డెమోక్రాట్ సెనేటర్ జో మాంచిన్ 2024లో పోటీకి దిగలేదు. ఆ సీటు జస్టిస్‌కే దక్కింది.

యూనియన్ పోయినా జ్ఞాపకం పోలేదు

ఇంత కథ విన్నాక ఈ జనం పూర్తిగా మారిపోయారనుకుంటే పొరపాటు. 2018 ఫిబ్రవరిలో రాష్ట్రంలోని 55 కౌంటీల బడి పంతుళ్లు సమ్మె చేశారు. చాలామంది మెడకు ఎర్ర రుమాళ్లు కట్టుకుని వచ్చారు. బ్లెయిర్ కొండ జ్ఞాపకం అది. తొమ్మిది బడి రోజుల తర్వాత 5 శాతం జీతం పెంపు సాధించారు. ట్రంప్‌కు దేశంలోనే అత్యధిక ఆధిక్యాలు ఇచ్చిన రాష్ట్రాల్లో ఒకదానిలో జరిగిన సమ్మె ఇది. హక్కు కోసం కలిసి నిలబడే అలవాటు ఉంది. దాన్ని ఏ పార్టీ ఓటుగా మలచుకోలేకపోయింది.

మరోవైపు సమాచారం కూడా ఎండిపోయింది. కౌంటీలో మిగిలిన ఏకైక పత్రిక 'ది వెల్చ్ న్యూస్' 2023లో మూతపడింది. ఊరి నీళ్ల పైపు సంగతి రాసేవాళ్లు లేకపోతే మిగిలేది వాషింగ్టన్ గొడవలు చూపే టీవీ, ఫోన్. స్థానిక సమస్య మీద ఓటేయాలంటే ముందు ఆ సమస్య ఎవరి బాధ్యతో తెలియాలి కదా.

ఇప్పుడు పందెం మీద ఉన్నదేంటి?

2020 జనాభా లెక్కల్లో మెక్‌డోవెల్‌లో మిగిలింది 19,111 మంది. 1950 నాటి జనంలో ఐదో వంతు. దాదాపు మూడింట ఒక వంతు కుటుంబాలకు ఇప్పటికీ స్నాప్ సాయమే ఆధారం. 2025 ఫిబ్రవరిలో మళ్లీ వరద వచ్చి కౌంటీలో ముగ్గురిని బలి తీసుకుంది. ట్రంప్ విపత్తు ప్రకటన చేసి ఫెడరల్ సాయం మంజూరు చేశారు.

అదే ఏడాది ఏప్రిల్‌లో గని కార్మికుల ఊపిరితిత్తులను పరీక్షించే ఫెడరల్ సంస్థలో ఉద్యోగులను తొలగించారు. వెస్ట్ వర్జీనియా ఫెడరల్ జడ్జి ఒకరు మేలో దాన్ని ఆపి, పరీక్షలు కొనసాగించాలని ఆదేశించారు. జులై 4న ట్రంప్ సంతకం చేసిన పెద్ద బిల్లు స్నాప్ ఖర్చును తగ్గించింది. 64 ఏళ్ల దాకా వయసున్న చాలామందికి పని షరతు పెట్టింది. నవంబరులో సర్కారు షట్‌డౌన్ వల్ల స్నాప్ చెల్లింపులు ఆగి, ఆలస్యమై దేశమంతా ఇబ్బంది పడింది.

పని చేస్తేనే తిండి సాయం అన్న షరతు నగరంలో ఒకలా ఉంటుంది, గని మూతపడి, దుకాణం మూతపడి, బస్సు లేని లోయలో ఇంకోలా ఉంటుంది. పని చూపించమంటే చూపించడానికి అక్కడ పనే లేదు. ఆ బాధ ఓటుగా మారుతుందా అంటే చరిత్ర రెండు రకాలుగా జవాబు చెబుతోంది. 1930లలో బాధతో పాటు యూనియన్ ఉంది కాబట్టి ఓటు మళ్లింది. 1986 తర్వాత బాధ ఉంది, యూనియన్ పోయింది, ఓటు ఇరవై ఏళ్లు అలవాటు మీద నడిచి ఒక్కసారిగా విరిగింది.

కెనడీ పార్టీకి ఈ కొండల్లో తిరిగి చోటు కావాలంటే స్టాంపు గుర్తు చేస్తే సరిపోదు. రిపబ్లికన్లు ఈ చోటు నిలబెట్టుకోవాలన్నా గని టోపీ ఎల్లకాలం సరిపోదు. ప్రైమరీలో శాండర్స్‌నూ, ట్రంప్‌నూ ఒకే రోజు గెలిపించిన జనం వాళ్లు. అరవై ఏళ్ల క్రితం ఒక మంత్రి వచ్చి స్టాంపులు ఇచ్చిన ఆ వెల్చ్ వీధిలో ఇవాళ అడుగుతున్నదీ అప్పటి ప్రశ్నే: తిండికి సాయం సరే, పని ఎప్పుడు?